హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా

యాకుత్‌పురా, హైదరాబాద్
నవంబరు 1983

మహారాజశ్రీ స్టాఫ్ నర్సు, అక్కయ్య కళావతి గారి సముఖమునకు,

తమ్ముడు ప్రకాశం, బి.ఎస్సీ. (రసాయన శాస్త్రం, రెండో శ్రేణి, అదీ అంచు మీద) వ్రాసుకొను విన్నపము. ఇక్కడ అమ్మా నేనూ బతికే ఉన్నాము. అక్కడ నువ్వూ, నీ వార్డులోని జ్వరాలూ క్షేమమని తలుస్తాను.

ఇక గ్రాంథికం చాలు. చలికి వేళ్లు వంగడం లేదు, పెద్ద మాటలు రాయలేను.

ఒక శాస్త్రీయ సమస్య వచ్చిపడింది. డెయిరీ వాళ్లు నాకొక రాజ్‌దూత్ బండీ, ఒక లాక్టోమీటరూ అప్పగించారు కదా. రోజూ తెల్లారేసరికి సాగర్ రోడ్డు మీదున్న, పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటరుకు పోయి, ఊళ్ల నుంచి వచ్చిన పాలలో పాలెన్ని, నీళ్లెన్ని అని తేల్చాలి. అదీ ట్యాంకరు కదలకముందే. నేను ఆలస్యమైతే పాలు పరీక్ష లేకుండానే పట్నం చేరతాయి. పాలు చేరతాయి గానీ నేను చేరను. మార్చిలో నన్ను పర్మనెంటు చేసే కాగితం మీద సూపర్‌వైజరు బీరయ్య సారు సంతకం పెట్టాలి.

అమ్మ ఈ ఉద్యోగానికి ఏ షరతు మీద ఒప్పుకున్నదో నీకు తెలుసు. బాపు మంచులో సైకిలు మీద డ్యూటీకి పోతూ లారీ కింద పడినప్పటి నుంచి ఆమెకు రోడ్డంటే పగబట్టిన మనిషి. తలకాయ మొత్తం మూసే హెల్మెట్ లేకపోతే బండి గడప దాటదన్నది. నువ్వు జీతంలోంచి కొని పంపావు. తలకాయ మొత్తం మూసే హెల్మెటే అది, అందులో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా లోపలున్న మనిషి ఊపిరి తీసుకోవడమే. వదిలిన ఊపిరి పోయి ముందరి అద్దానికి అతుక్కుంటుంది. సైదాబాద్ చేరేసరికి నేను సున్నపు కుండలో తల పెట్టినవాడిని.

అద్దం ఎత్తి పోవచ్చు కదా అంటావు. పోయాను. చలిగాలికి కళ్లలోంచి ధారలు. బీరయ్య సారు నన్ను చూసి మఫ్లరు విప్పి నిలబడ్డాడు. "ఎవరు పోయిన్రు ప్రకాశం? ముసలోళ్లేనా?"

"ఎవ్వరు పోలే సార్. చలి."

"చలికి గింత ఏడుస్తరా? నేను సెలవు చీటీ రాద్దామనుకుంటున్న."

ఊపిరి తీయకుండా పోయే పద్ధతి కూడా చూశాను. యాకుత్‌పురా రైలు గేటు దాకా వీలైంది.

నువ్వు వైద్యరంగంలో ఉన్నావు. దీనికి మందేమైనా ఉంటే దయచేసి సెలవివ్వు. అన్నట్టు నువ్వు అమ్మకు పంపిన సీసా అందింది. మోకాళ్ల నూనె మంచిదే అయి ఉంటుంది, పొద్దున లేస్తే ఇల్లంతా దాని వాసనే. మోకాళ్లకు మాత్రం ఇంకా ఆ సంగతి తెలిసినట్టు లేదు.

విధేయుడు,
ప్రకాశం

*

ఆదిలాబాద్
నవంబరు

తమ్మీ ప్రకాశం,

నీ ఉత్తరం వార్డులో చదివి నవ్వాను. పక్క మంచం మీది ముసలాయన తనను చూసి నవ్వాననుకుని అలిగి గంజి తాగలేదు. నీ మూలంగా ఆయన్ను బతిమాలడానికి నా టీ వేళ అంతా పోయింది. ఇక్కడ చలి మీ పట్నపు చలి వంటిది కాదు. నీళ్లు ముట్టుకుంటే కాలినట్టు ఉంటుంది. డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే కాళ్లు నావి కావనిపిస్తుంది.

నీ రోగం కొత్తదేమీ కాదు. ఆపరేషను చేసేటప్పుడు డాక్టర్ల కళ్లద్దాలకు రోజూ వచ్చేదే. మూతికి కట్టిన గుడ్డలోంచి ఊపిరి పైకి తన్ని అద్దాలకు పడుతుంది. మేము ఆ గుడ్డ పై అంచును ముక్కు మీద ప్లాస్టరు పట్టీతో అంటిస్తాం. ఊపిరి కిందికి పోతుంది. నువ్వు కూడా ముక్కు మీదుగా రుమాలు బిగించి కట్టుకో, పై అంచు గట్టిగా ఉండాలి, కింద వదులుగా ఉండాలి. అద్దం లోపలి వైపు తడి సబ్బు పలుచగా రాసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో కనపడకుండా తుడువు. బండి నడిచేటప్పుడు అద్దం కింద వేలు దూరేంత సందు ఉంచు, గాలి ఆడాలి.

ఇదంతా బయలుదేరే ముందు చెయ్యి. రాత్రే చేసి పెట్టుకోకు. నీ చేత్తోనే చేసుకో, తుడిచిన తర్వాత ఇంకెవరి చేతికీ ఇవ్వకు.

అమ్మ మోకాళ్ల సంగతి నేను అమ్మకే రాస్తాను.

మీ అక్క,
కళావతి

*

యాకుత్‌పురా
డిసెంబరు

అక్కా, ఆరోగ్య ప్రదాత్రీ,

పరిశోధనా నివేదిక సమర్పించుకుంటున్నాను. ఫలితం ముందే చెబుతాను, శాస్త్రం ఓడిపోయింది.

సబ్బు రాశాను. నువ్వు తెల్లవారి రాయమన్నావు. అక్కా, ఆ వేళకు మన కుండలో నీళ్లు నీళ్లు కావు, శిక్ష. అందుకని పొద్దుగూకిన తర్వాత రాసి గూట్లో పెట్టుకున్నాను. రుమాలు కట్టాను. రుమాలు పనిచేసింది, సబ్బు చేయలేదు. గల్లీ మలుపులో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న లతీఫ్ భాయ్‌కు చెప్పాను. "అరే ప్రకాశ్, ఆలూ కాట్‌కే రగడ్ డాల్. హమారే మామూ జీప్ కా షీషా ఐసైచ్ సాఫ్ కర్తే థే," అన్నాడు. వాళ్ల మామ జీపు అద్దాన్ని అట్లాగే తుడిచేవాడట. ఆలుగడ్డ కోసి రుద్దుతుంటే అమ్మ చూసింది.

"కూరకు దాచిన ఆలుగడ్డ అది. నీ టోపీకి తినిపిస్తున్నవా?"

"ఒక్క ముక్కనే అమ్మా. మిగిలింది మనకే."

"ఇంక నేను ఎంగిలి ఆలుగడ్డ వండాలె."

ఆలుగడ్డ పోయింది. తరువాత పొగాకు పోయింది. ల్యాబు నుంచి గ్లిసరిన్ తెచ్చి రాశాను, అదీ పోయింది. ఇప్పుడు ఇంకో వింత మొదలైంది. ఆవిరి ఒక్కటే అయితే తెల్లగా ఉండేది. ఇప్పుడు అద్దం మీద రంగులు తిరుగుతున్నాయి. ఎదురుగా ఒక లారీ వస్తే దాని దీపాలు పగిలి పెళ్లి ఊరేగింపు అంత అవుతున్నాయి. అందులో ఏ దీపానికి పక్కకు తప్పుకోవాలో తెలియదు. నేను రాసిన మందులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఇట్లా అవుతున్నదని నా అభిప్రాయం. పాలలో నీళ్లు కనిపెట్టే ఉద్యోగిని, నాకు రోడ్డు మీద బర్రె కనపడడం లేదు. మొన్న ఒక బర్రె నన్ను చూసి తప్పుకుంది. దానికి హెల్మెట్ లేదు కదా, కనిపించింది.

నిదానంగా పోతున్నాను, అందువల్ల ఆలస్యమవుతున్నాను. బీరయ్య సారు ఏమీ అనకుండా చేతి గడియారం చూసుకున్నాడు. అనడమే నయం.

అమ్మ నాకంటే ముందే లేస్తున్నది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసి, కొంగుతో తుడిచి గడపలో నా చేతికి అందిస్తుంది. రాణీగారు యుద్ధానికి కత్తి అందించినట్టు ఉంటుంది. నేను మాత్రం ఆవులిస్తూ అందుకుంటాను. నిజం చెప్పాలంటే అలసిపోయానక్కా. పొద్దున ఆ గంటసేపు కళ్లు చిట్లించి చిట్లించి, మధ్యాహ్నానికి తలకాయ దిమ్ముగా అవుతుంది. జోకులు కూడా పాతవే వస్తున్నాయి.

ఇంకేదైనా మందుందా?

ప్రకాశం

*

ఆదిలాబాద్
డిసెంబరు

ప్రకాశం,

నేను చెప్పింది నువ్వు ఎన్నడు విన్నావు గనుక. రాత్రే చేసి పెట్టుకోకు అన్నాను. పెట్టుకున్నావు. ఇంకొకరి చేతికి ఇవ్వకు అన్నాను. గడపలో అందుకుంటున్నానని గొప్పగా రాశావు.

కొత్త మందులేమీ వద్దు. హెల్మెట్ ఇంటికి తేవడం మానుకో. సాయంత్రం లతీఫ్ భాయ్ షెడ్డులో పెట్టు. పొద్దున అక్కడే సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అక్కడి నుంచే పో. అమ్మ అడిగితే ఆఫీసు రూలు అని చెప్పు. ఎందుకని నన్ను అడగకు.

నేను ఈ వారమంతా రెండు డ్యూటీలు చేస్తున్నాను. కలం పట్టుకుంటే నిద్ర వస్తున్నది. అయినా రాస్తున్నానంటే అర్థం చేసుకో.

అక్క

*

యాకుత్‌పురా
జనవరి 1984

అక్కా,

అక్షరాలు చూసి పోస్టుమాన్ తాగి రాశాడనుకోకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేయి ప్రస్తుతం పిండికట్టులో విశ్రాంతి తీసుకుంటున్నది.

కంగారు పడకు. సైదాబాద్ దాటిన తర్వాత ఒక గడ్డిబండితో పరిచయమైంది. వెనుక నుంచి. గడ్డి మంచిది, మెత్తనిది, నేను సగం దాకా అందులోకి పోయాను. మణికట్టు ఎముక విరిగింది. ముఖానికి ఏమీ కాలేదు, ఉన్న అందమంతా ఉన్నది. బండి తోలే పెద్దమనిషి నన్ను కాళ్లు పట్టి బయటికి లాగి, "గడ్డి తింటవా బిడ్డా, అడిగితే పెడుతుంటి గదా" అన్నాడు. ఎద్దులు కూడా తిరిగి చూశాయి.

బ్రేకు పట్టలేదు. అమ్మకు కూడా అదే చెప్పాను. ఆ మాట లతీఫ్ భాయ్ చెవిన పడి మనింటికి వచ్చి నిలబడ్డాడు. "నా బ్రేకు మీద నింద ఏస్తవా? మై కల్ హీచ్ టైట్ కరా థా. సుందరమ్మా, నీ కొడుకు ఝూట్ బోల్తా." ముందురోజే బిగించాడట, నేనే అబద్ధమాడుతున్నానట. అమ్మ ఆయనకు టీ ఇచ్చి పంపింది.

అమ్మ ఏడవలేదు. దానికే నాకు భయం వేసింది. హెల్మెట్ ఒళ్లోకి తీసుకుని, మట్టీ గడ్డీ తుడిచి, "నేను చెయ్యాల్సింది చేసిన. దేవుడు విన్నడు," అన్నది. ఆ తర్వాత ముఖంలో ఒక వెలుగు వచ్చింది. బాపు పోయిన తర్వాత ఆమె ముఖం అట్లా చూడలేదు నేను. ఏం చేసిందని అడిగితే చెప్పలేదు.

హెల్మెట్ లతీఫ్ భాయ్ దగ్గర పెట్టమన్నావు కదా. పెడతానంటే అమ్మ అన్నం మానేసింది, అందుకని పెట్టలేదు.

బీరయ్య సారు అరటిపండ్లు తెచ్చాడు. అందులో సగం తనే తిని, పోయేటప్పుడు గడపలో ఆగి చెప్పాడు. "చెయ్యి కుదిరినంక రా. నీ జాగ ఉంచుత. గని బిడ్డా, మల్ల పడితే నేనేం రాయలేను. నాకు గూడ పైన ఉన్నరు."

పాత జోకులు కూడా రావడం లేదక్కా. మధ్యాహ్నం మంచం మీద పడుకుంటే ఆ దీపాలే కనపడుతున్నాయి.

ప్రకాశం

*

ఆదిలాబాద్
జనవరి

తమ్మీ,

బ్రేకు మాట నాకు చెప్పకు. అద్దంలోంచి కనపడక గుద్దినవు. నాకు తెలుసు.

ఆ సీసాలో ఉన్నది మోకాళ్ల మందు కాదు. ఇక్కడ మా చర్చి సంఘం వాళ్లందరూ కలిసి ప్రార్థన చేసిన నూనె. నీకు ఉద్యోగం దొరికిన వెంటనే అమ్మ మన గల్లీ నాగమణమ్మ టీచరుతో కార్డు రాయించి అడిగింది, పంపాను. నీ నుదుటికి పెడుతుందనుకున్నాను. తరువాత ఇంకో కార్డు వచ్చింది. రోజూ తెల్లవారి హెల్మెట్ అద్దానికి లోపలి వైపు, సరిగ్గా నీ కళ్లకు ఎదురుగా, రాస్తున్నానన్నది. నీకు చెప్పొద్దన్నది, నవ్వుతావని. నూనె మీద సబ్బేం పనిచేస్తుంది, ఆలుగడ్డేం పనిచేస్తుంది. కంటి ముందు జిడ్డు పెట్టుకుని పోతున్నావు రోజూ.

నేను నేరుగా చెప్పలేకపోయాను. బాపు పోయిన రెండేండ్ల తర్వాత ఆమె రాత్రిళ్లు నిద్ర పోతున్నానని రాయించింది తమ్మీ. ఆ నిద్ర నేనెట్ల చెడగొట్టేది? సబ్బు అన్నాను, రుమాలు అన్నాను, లతీఫ్ భాయ్ షెడ్డు అన్నాను.

ఇప్పుడు ఆ నూనే నిన్ను బతికించిందని అనుకుంటున్నది. ఇంకో సీసా పంపమని రాయించింది. పంపలేదు. పాతదాంట్లో ఇంకా ఉండే ఉంటుంది. నువ్వు మళ్లా బండెక్కేలోగా అది ఆగాలె. ఆగాలె గని, అదే నిన్ను పడేసిందని ఆమెకు తెల్వొద్దు. బాపు పోయినంక ఆమె ఎట్ల లేచి నిలబడ్డదో నువ్వు చూసినవు. ఇది తెలిస్తే మల్ల లేవదు.

ఎట్లనో నాకు తోస్తలేదు. ఇక్కడ అందరికీ నేనే ఏదో ఒకటి చెప్తుంట. ఇది నువ్వే చూడు.

కళావతి

*

యాకుత్‌పురా
ఫిబ్రవరి

అక్కా,

కట్టు విప్పారు. చేయి సన్నబడింది, రాత మాత్రం పాత రాతే.

నీ ఉత్తరం చదివి, ముందు నాకు తెలిసిన దారిలోనే పోయాను. పొయ్యి దగ్గర కూర్చుని, "నూనె సంగతి అక్క రాసింది అమ్మా, నేను నవ్వలే," అన్నాను. "గని పాస్టరు గారు రోగులకు నుదుటి మీద పెడ్తరు గద. నా హెల్మెట్‌కు ఏ రోగం లేదు. నాకు పెట్టు."

అమ్మ కట్టె వెనక్కి లాగింది. "నుదుటికి పెడితే తుడుచుకుంటరు."

"ఎవరు తుడుచుకుంటరు?"

"మీ బాపు. ఆ దినం పొద్దుగాల పెట్టిన. గల్లీ మలుపు దాక పోయి, తువ్వాల తీసి తుడుచుకున్నడు, ముఖం జిడ్డయితదని. నేను దర్వాజల నిలబడి చూసిన. పిలుద్దామనుకున్న. డ్యూటీకి ఆలస్యమైతదని పిలువలే."

ఈ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు. నీకు చెప్పిందా? నేను ఏదో ఒకటి అనాలి కదా, నోరు ఊరికే ఉండేది కాదు కదా నాది.  "నేను తుడుచుకోను" అన్నాను. "అద్దానికి పెడితే తుడుచుకోవు గద" అన్నది ఆమె. 

మళ్లీ డ్యూటీకి పోయే మొదటి పొద్దున కూడా అమ్మ అద్దానికి నూనె రాసింది. బండి గల్లీలోకి తోసి, రుమాలు మరిచిపోయి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి అమ్మ కరెంటు స్తంభం కింద నిలబడి ఉన్నది. నెత్తి మీద హెల్మెట్ ఉన్నది. అద్దం దించి ఉన్నది. కింద తెల్ల చీర, పైన ఆ నల్ల కుండ. షెడ్డు తెరుస్తున్న లతీఫ్ భాయ్ తాళం చెవి చేతిలోంచి పడేసుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే నేను ఆ దృశ్యం మీద నీకు పది పేజీలు రాసేవాణ్ని.

ఆమె తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. స్తంభం మీది దీపం చూసింది.

"ప్రకాశం. దీపం ఒక్కటేనా?"

"ఒక్కటే అమ్మా."

"నాకు మస్తు కనపడుతున్నయి."

 హెల్మెట్ లోంచి ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది. "గడ్డిబండి గూడ గిట్లనే కనపడ్డదా?"

అక్కా, నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నీ అభ్యాసానికే ఆడి ఉంటాను. "ఆ దినం అద్దం పైకి ఎత్తి పెట్టుకున్న అమ్మా," అన్నాను. "ఆవిరి పట్టిందని ఎత్తిన. చలికి కండ్లల్ల నీళ్లొచ్చి బండి కనపడలే. నూనెకు దానికి ఏం సంబంధం లేదు."

 అమ్మ హెల్మెట్ తీసి, లోపలికి పోయి, బట్టల సబ్బు పెట్టి తనే కడిగింది, నీళ్లు అంత చల్లగా ఉన్నా. కొంగుతో కాదు, బాపు పాత తువ్వాలతో పొడిగా తుడిచింది. వచ్చి నా నుదుటికి నూనె పెట్టింది. నేను గల్లీ మలుపు తిరిగేదాకా చేతులు రెండూ హ్యాండిలు మీద నుంచి తీయలేదు. ఆమె దర్వాజలోనే ఉందని నాకు తెలుసు.

రుమాలు కట్టాను, వేలు దూరేంత సందు పెట్టాను. సైదాబాద్ దాటిన తర్వాత ఎదురొచ్చిన లారీకి రెండే దీపాలున్నాయి. ఈ చలికాలంలో మొదటిసారి సాగర్ రోడ్డు మీద తెల్లవారడం చూశాను. చూడదగ్గదేమీ లేదు, పొగమంచు, జొన్న చేలు, ఒక మూత పడిన హోటలు. అయినా అంతా కనపడింది. ట్యాంకరు ఇంకా నింపుతూనే ఉన్నారు. బీరయ్య సారు నా ముఖం చూసి, "ఏంది గట్ల మెరుస్తున్నవు, పెండ్లి కుదిరిందా?" అన్నాడు.

"పర్మనెంటు కుదరాలె సార్ ముందు."

"అయితే పాలు చూడు పో."

అమ్మ నమ్మింది. ఇంత సులువుగా నమ్ముతుందని అనుకోలేదు. నువ్వు ఇంక ఫికరు పడకు, కొంచెం నిద్ర పో.

ప్రకాశం

*

ఆదిలాబాద్
ఫిబ్రవరి

తమ్మీ,

నిన్న అమ్మ కార్డు వచ్చింది. నాగమణమ్మ టీచరు అమ్మ మాటను అమ్మ మాటగానే రాసింది, ఒక్క అక్షరం దిద్దకుండా. నేనూ అట్లాగే దింపుతున్నాను.

"వాడు అద్దం ఎత్తి ఉండె అన్నడు. ఆ దినం టోపీ తుడిచింది నేనే. గడ్డి గీతలన్ని అద్దం మీదనే ఉండె. వాని ముఖం మీద ఒక్క గీత లేకుండె. అద్దం ఎత్తి ఉంటే గీతలు ముఖానికి పడాలె గద. వాడు చెప్పిండు, నేను ఊకున్న. పొద్దుగాల పోయే పిలగానికి ధైర్యం ఉండాలె. నాకు తెలిసిందని వానికి చెప్పకు."

చెప్పకు అన్నది. నేను చెబుతున్నాను. ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఒకటి దాచి గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు. వార్డులో ముప్పై మంది జ్వరాలు గుర్తుపెట్టుకోవాలి. నువ్వు మాత్రం ఆమె నమ్మిందన్నట్టే ఉండు. ఆమె నమ్మినట్టే ఉంటుంది.

కొత్త సీసా పంపుతున్నాను, చిన్నది. నుదురు ఎంత వెడల్పుంటుంది గనుక.

కార్డు చివర ఇంకో మాట రాయించింది. పొద్దున నూనె పెట్టేటప్పుడు నువ్వు కొయ్యలాగా నిటారుగా నిలబడుతున్నావట. ఆమె మునివేళ్ల మీద లేవాల్సి వస్తున్నదట, మోకాళ్లు లాగుతున్నాయట. కొంచెం తల వంచమన్నది.

అక్క